గుత్ప చేతబట్టిన రైతమ్మ — చిట్యాల ఐలమ్మ

ఆత్మరక్షణ సర్వప్రాణులకు సహజమైన ధర్మం. పశువు తన కొమ్ములతోను, చెట్టు తన ముళ్లతోను తమను తాము కాపాడుకొంటాయి. మనుష్యునికి ప్రకృతి కొమ్ములను ప్రసాదించలేదు, చేతిని ప్రసాదించింది. ఆ చేయి మొట్టమొదట పట్టుకొన్న ఆయుధం కర్ర. కట్టెలు కొట్టుకొనేవానికి, పశువులు కాచేవానికి, చేను కావలి కాచేవానికి అది నిత్యం తోడు. కత్తి రాజులకు, తుపాకి సైన్యాలకు చెందినవి కాగా కర్ర మాత్రం అనాదినుండి పేదవాని సొత్తుగానే ఉంటూ వచ్చింది.

నేటి విద్యార్థులలో పలువురికి ఫిలిప్పీన్స్ దీవుల కర్రసాము, కత్తిసాముల మీద ఆసక్తి పెరుగుతున్నది. ఆర్నిస్, ఎస్క్రిమా, కాలి అన్నవి ఆ విద్యకు గల పేర్లు. 1521 ఏప్రిల్ 27న మక్తాన్ దీవి తీరంలో లాపులాపు అనే స్థానిక నాయకుని మనుషులు, ఓడలపై వచ్చిన మాగెల్లాన్‌ను ఎదిరించి హతమార్చినారన్నది చరిత్ర. ఆ దీవులవారు మూరెడున్నర పొడవుగల పేము బెత్తంతో సాధన ప్రారంభిస్తారు. ఇతర విద్యలలో ముందు వట్టిచేతులు, పిమ్మట ఆయుధం. ఇక్కడ ముందే ఆయుధం. బెత్తం తిరిగే దారిలోనే కత్తి తిరుగుతుంది, కత్తి తిరిగే దారిలోనే వట్టిచేయి తిరుగుతుంది. ప్రత్యర్థి తలను గాక, ఆయుధం పట్టిన అతని చేతిని దెబ్బతీసి ఆయుధాన్ని జారవిడిపించడం అందులోని కిటుకు. 2009లో ఆ దేశపు శాసనసభ ఆర్నిస్‌ను జాతీయ క్రీడగా, జాతీయ యుద్ధవిద్యగా ప్రకటించింది.

నేర్వదగిన విద్యయే. కాని కర్రను ఎట్లు తిప్పాలన్నది ఆ విద్యలో సగభాగం మాత్రమే. దానిని ఎందుకొరకు ఎత్తాలి, ఎవరి పక్కన నిలబడి ఎత్తాలి, ఎంతవరకు ఎత్తి ఎక్కడ దించాలి అన్నది మిగిలిన సగం. ఈ రెండవ సగాన్ని నేర్పే గురువును వెదుక్కొంటూ సముద్రాలు దాటనక్కరలేదు. మన పీర్జాదిగూడ ముందునుండి సాగిపోయే వరంగల్లు రహదారినే పట్టుకొని ఘట్‌కేసర్, భువనగిరి, ఆలేరు మీదుగా జనగామ చేరి, అక్కడినుండి పక్కకు తిరిగితే పాలకుర్తి వస్తుంది. బసవపురాణకర్త పాల్కురికి సోమనాథుని పేరుతో సాహిత్యలోకానికి పరిచితమైన ఊరు అది. అక్షరం తెలియని ఒక రైతుస్త్రీ వలన ఆ ఊరే ప్రజల చరిత్రలో మరొకసారి నిలిచిపోయింది. ఆమె చిట్యాల ఐలమ్మ. లోకం ఎరిగిన పేరు చాకలి ఐలమ్మ.

ఐలమ్మ వరంగల్లు ప్రాంతంలోని రాయపర్తికి సమీపానగల కృష్ణాపురంలో జన్మించింది. 1895 సెప్టెంబరు 26ను ఆమె జన్మదినంగా నేడు పాటిస్తున్నారు. చిన్ననాటనే పాలకుర్తికి చెందిన చిట్యాల నరసింహతో వివాహమైంది. కులవృత్తి బట్టలుతకడం. బిడ్డలు గల పెద్ద సంసారం. చదువు లేదు, ఆస్తి లేదు, అండ లేదు. ఉన్నదల్లా వంగని నడుము, అలసట ఎరుగని చేతులు.

ఆనాటి తెలంగాణ పల్లెలలో వెట్టి అనే దురాచారం పాతుకొని ఉండేది. ప్రతి వృత్తివాడును దొరకు, పట్వారీకి, పటేలుకు, ఊరికి వచ్చిన అధికారులకు కూలి లేకుండా చాకిరీ చేయాలి. చాకలివారు గడీలోని బట్టలుతకడమే గాక అంట్లు తోమాలి, వడ్లు దంచాలి, మంచాలు, సామానులు నెత్తిన పెట్టుకొని ఊరినుండి ఊరికి మోయాలి. కాదన్నవాడు ఊరిలో నిలువలేడు. పాలకుర్తి పరిసరాలలో విస్నూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి అధికారానికి ఎదురులేదు. ఆయన ఆధీనంలో 40,000 ఎకరాల భూమి ఉండేదని తెలంగాణ పోరాట చరిత్రలు చెబుతున్నవి.

అట్టి కాలంలో ఐలమ్మ కుటుంబం మల్లంపల్లి దొరవద్ద భూమిని కౌలుకు తీసుకొన్నది. తరతరాలుగా ఇతరుల బట్టలుతికిన చేతులు నాగలి పట్టినవి. బీడు చదునై పైరు పచ్చబడింది. మనకు ఇది సామాన్య విషయమే కావచ్చును. కాని వెట్టి మీద నిలిచిన ఆ వ్యవస్థకు ఇది సహింపరానిదైంది. చాకలి ఇల్లు సేద్యపుటిల్లు అయితే రేపు గడీలో చాకిరీ చేసేవారెవరు? ఊరి పట్వారీ తన పొలంలో ఐలమ్మ కుటుంబం వెట్టిగా పనిచేయాలని ఆజ్ఞాపించినాడు. ఆమె నిరాకరించింది. ఆనాటినుండి ఆమె పేరు గడీలో లెక్కకు ఎక్కింది.

ఇక్కడ మరొక రైతును స్మరింపక తప్పదు. అదే ప్రాంతంలోని కామారెడ్డిగూడెం నివాసి షేక్ బందగీ. పిత్రార్జితమైన భూమి విషయంలో ఆయనకు సోదరునితో వివాదం కలిగింది. ఆ సోదరునికి విస్నూరు దేశ్‌ముఖ్ అండగా నిలిచినాడు. బందగీ భయపడలేదు, పారిపోలేదు. అదాలతును ఆశ్రయించినాడు. ఏండ్ల తరబడి తిరిగినాడు. న్యాయం ఆయన పక్షాన నిలిచింది. కాని 1940లో, కోర్టుకు వెళ్లడానికై దారిపట్టిన బందగీని దేశ్‌ముఖ్ మనుషులు కాపుకాచి నరికివేసినారు. జనగామ–సూర్యాపేట దారిపక్కన ఆయన సమాధి నేటికిని ఉన్నది. హిందువులు, ముస్లిములు అను భేదం లేకుండా ప్రజలు అక్కడ తలవంచుతారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు రచించిన మా భూమి నాటకానికి ఆయన జీవితమే ప్రేరణ.

బందగీ చేతిలో న్యాయస్థానపు తీర్పు ఉన్నది. పక్కన మాత్రం మనిషి లేడు. ఆయనది ఏకాంత సాహసం. ఆ మరణం చుట్టుపక్కల రైతులకు ఒక కఠినమైన పాఠాన్ని నేర్పింది. హక్కు కాగితం మీద ఉంటే చాలదు, దానిని కాపాడుకొనే పదిమంది కావాలి. ఐలమ్మ కథ ఈ పాఠం తరువాతి అధ్యాయం.

1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభ పదకొండవ మహాసభ జరిగింది. రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. సభ్యత్వ రుసుమును రూపాయి నుండి ఒక అణాకు తగ్గించినారు. చదువుకొన్నవారి సభ సామాన్యుల సంఘంగా మారిపోయింది. పల్లెజనం దానిని ప్రేమతో సంఘం అని పిలుచుకొన్నారు. ఐలమ్మ పాలకుర్తిలో ఆ సంఘంలో చేరింది. నాయకులు వచ్చినపుడు ఆమె ఇల్లే వారికి విడిది. పాలకుర్తిలో సంఘం సభ జరుగనున్నదని తెలిసి దేశ్‌ముఖ్ తన మనుషులను పంపినాడు. ఘర్షణ జరిగింది. మరునాడు హత్యాయత్నం నేరం సంఘం వారిమీదనే మోపబడింది. ముద్దాయిలలో ఐలమ్మ భర్త, కుమారులు కూడ ఉన్నారు. ఇంట మగదిక్కు లేకుండా చేస్తే స్త్రీ తానే లొంగివస్తుందన్నది గడీ ఆలోచన. ఐలమ్మ లొంగలేదు.

అప్పుడు దేశ్‌ముఖ్ మరొక ఎత్తు వేసినాడు. ఐలమ్మ కౌలుచేస్తున్న భూమిని తన పేర వ్రాయించుకొన్నాడు. భూమి తనదైతే పంట కూడ తనదే అన్నాడు. విత్తనం ఆమెది, చెమట ఆమెది, కావలి ఆమెది. కోత మాత్రం గడీది. 1945–46 ప్రాంతంలో ఐలమ్మ పొలం కోతకు వచ్చింది. పంట కోసుకొని రమ్మని సుమారు వందమందిని దేశ్‌ముఖ్ పంపినాడు. అట్టివారితో తలపడడం కంటె పంటమీద ఆశ వదులుకొనడమే క్షేమమని లోకజ్ఞులు తలచే పరిస్థితి అది.

కాని ఆ రోజు ఐలమ్మ బందగీవలె ఒంటరి కాదు. భీమిరెడ్డి నరసింహారెడ్డి, చకిలం యాదగిరిరావు ప్రభృతుల నాయకత్వాన సంఘం వాలంటీర్లు గుత్పలతో పొలానికి చేరినారు. వారి సంఖ్య 28 అని పోరాట చరిత్రలో నమోదైంది. గుత్ప అనగా పొట్టిగా, లావుగా, చేతికి నిండుగా ఉండే కర్ర. వందమందికి ఎదురుగా ముప్పదిమందియైనను లేరు. అయినను కోతకు వచ్చినవారు నిలువలేక వెనుదిరిగి పరుగెత్తినారు. ఎందుకనగా వారు కూలికి వచ్చినవారు. వీరు తమ బ్రతుకు కొరకు వచ్చినవారు. కోసిన పంట బండ్లకెక్కి గడీకి పోలేదు. సంఘం వారి భుజాలకెక్కి ఐలమ్మ ఇంటికి చేరింది. విస్నూరుకు పోలీసులు వచ్చినను ఆ ధాన్యాన్ని ముట్టుకొనే సాహసం చేయలేదు.

విద్యార్థి మిత్రులు ఈ ఘట్టాన్ని ఒకింత నిదానించి పరిశీలించాలి. ఆ వాలంటీర్లు ఏ ఉస్తాదు వద్దనో ఏండ్ల తరబడి శిష్యరికం చేసినవారు కారు. మన పల్లెలలో కర్ర తిప్పడం జాతరలలోను, పీర్ల పండుగలోను కనిపించే విద్య. తెలంగాణలో పీరు లేచిన దినాన హిందువు, ముస్లిము ఒకే గుండం చుట్టూ తిరుగుతారు. కర్రసాము, కత్తిసాము అందరూ కలిసి చూస్తారు. గొర్రెలకాపరికి, కావలివానికి కర్ర పట్టు పుట్టుకతోనే వస్తుంది. అట్టి చేతులకు సంఘం ఇచ్చినది కొత్త ఆయుధం కాదు, ఒక క్రమశిక్షణ. కలిసి వెళ్లడం, కలిసి నిలవడం, పని ముగిసిన పిమ్మట కలిసి మరలడం. వారు గడీ మీదికి దండెత్తలేదు. పారిపోయేవారిని వెంటాడి చంపలేదు. పంట ఇంటికి చేర్చినారు; అంతటితో ఆగినారు. ఫిలిప్పీన్స్ గురువులు తలను గాక ఆయుధం పట్టిన చేతిని లక్ష్యం చేసుకొమ్మని బోధించడంలోను, మన పాలకుర్తి రైతులు మనుషులను గాక దోపిడిని అడ్డుకొనడంలోను ఒకే ధర్మం ప్రకాశిస్తున్నది. ఆత్మరక్షణ లక్ష్యం శత్రుసంహారం కాదు, ఆపదను నివారించడం.

ఆ విజయానికి మూల్యం చెల్లింపక తప్పలేదు. సంఘం నాయకులను నిర్బంధించి తీవ్రమైన చిత్రహింసలకు గురిచేసినారు. ఐలమ్మ ఇంటిని తగులబెట్టినారు. ధాన్యాన్ని, ధనాన్ని ఎత్తుకొనిపోయినారు. ఆమె కుటుంబం పడిన అవమానాలు వ్రాయడానికి కలం సాహసింపదు. ఇంతటి దుఃఖంలోను ఆమె పొలాన్ని విడువలేదు. ఒక చేత గుత్ప పట్టినట్లే మరొక చేత చట్టాన్ని పట్టుకొన్నది. కొండా లక్ష్మణ్ బాపూజీ ఆమె పక్షాన న్యాయస్థానంలో నిలిచినారు. తీర్పు ఐలమ్మకు అనుకూలంగా వచ్చింది. ఒక చాకలి స్త్రీ చేతిలో దేశ్‌ముఖ్ పొలంలోను ఓడినాడు, అదాలతులోను ఓడినాడు. బందగీకి తీర్పు మాత్రమే దక్కింది, ప్రాణం దక్కలేదు. ఐలమ్మకు తీర్పు, పంట, ప్రాణం మూడును దక్కినవి. ఈ తేడాకు కారణం కర్ర ఒక్కటే కాదు. ఆ కర్ర వెనుక నిలిచిన సంఘం.

పాలకుర్తి వార్త ఊరూర వ్యాపించింది. చాకలి ఐలమ్మ పంట గడీకి పోలేదట అన్న మాట వెట్టివారి గుండెలలో వెలుగు నింపింది. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుగా వెళ్తున్న జనంపై దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపినారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగినాడు. తెలంగాణ రైతాంగ పోరాటంలో ఆయన తొలి అమరుడుగా గణన పొందినాడు. అటుపిమ్మట ఊరూరా గుత్పల సంఘాలు లేచినవి. పురుషులు వడిసెలలు, గుత్పలు పట్టినారు. స్త్రీలు రోకళ్లు, కారపు పొడి సిద్ధం చేసుకొని గుడిసెల ముందు నిలిచినారు. వంటింటి వస్తువే ఆయుధమైన కాలమది. తరువాత ఆ పోరాటం కర్రలను దాటి తుపాకుల దాకా పోయింది. 1951 వరకు సాగింది. ఇరుపక్షాలను ఎందరో నేలకొరిగినారు. ఆ సుదీర్ఘ చరిత్ర ఈ చిన్న వ్యాసానికి లొంగేది కాదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైంది. 1949లో జాగీర్లు రద్దయినవి. 1950లో కౌలుదారుల హక్కులకు చట్టం ఏర్పడింది. ఆ చట్టంలోని అక్షరాల వెనుక ఐలమ్మవంటి కౌలురైతుల చెమట, కన్నీరు ఉన్నవి.

ఒక విషయాన్ని మన విద్యార్థులు ప్రత్యేకంగా గ్రహించాలి. ఈ పోరాటాన్ని రెండు మతాల కలహంగా చూపేవారు లేకపోలేదు. విస్నూరు దేశ్‌ముఖ్ హిందువు. ఆయన మనుషుల చేత హతుడైన బందగీ ముస్లిము. ఆయన చేత పీడితురాలైన ఐలమ్మ హిందువు. పీడించినవానికి, పీడింపబడినవారికి మధ్య గీత గడీ గోడ గీసినదే కాని గుడి, మసీదు గీసినది కాదు. ఉర్దూ, తెలుగు ఒకే కప్పు కింద చదువుకొనే మనకు ఈ సత్యం కంటె విలువైన పాఠం మరొకటి లేదు.

ఐలమ్మ ఆ తరువాత పెద్ద పదవులను ఆశించలేదు. పాలకుర్తిలోనే సామాన్య రైతుస్త్రీగా జీవించి, 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. నేడు తెలంగాణలోని అనేక కూడళ్లలో ఆమె విగ్రహాలు వెలసినవి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు ఉంచింది. ఆ ప్రాంగణం ఒకనాటి బ్రిటిష్ రెసిడెన్సీ. బడి గడప తొక్కని ఒక చాకలి స్త్రీ పేరిట, దొరలకు దొరలైనవారి భవనంలో, వేలాది ఆడపిల్లలు పట్టభద్రులు కావడం కాలం చేసిన న్యాయం.

ఇక మన సంగతికి వద్దాం. ఆత్మరక్షణ హక్కును నేటి చట్టం అంగీకరిస్తున్నది. భారతీయ శిక్షాస్మృతిలో 96 మొదలు 106 వరకు గల విభాగాలు ఈ హక్కును గూర్చి చెప్పేవి. 2024 జూలై 1 నుండి వాని స్థానే వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 మొదలు 44 వరకు గల విభాగాలు అదే చెబుతున్నవి. తన శరీరాన్నే గాక ఇతరుల శరీరాన్ని, తన ఆస్తినే గాక ఇతరుల ఆస్తిని కూడ కాపాడవచ్చునని వాని సారాంశం. అయితే రక్షణకు ఎంత అవసరమో అంతకు మించి హాని చేయరాదని, అధికారుల సహాయం పొందే వ్యవధి ఉన్నపుడు ఈ హక్కు వర్తించదని హద్దులు కూడ గీచినవి. హద్దు తెలిసిన కర్ర రక్షణ. హద్దు తెలియని కర్ర నేరం.

కావున కర్రసాము నేర్వగోరే సోదరీసోదరులకు విన్నపం. ఫిలిప్పీన్స్ బెత్తమైనను, మన గుత్పయైనను సంతోషంగా నేర్వండి. ఆ దీవులలో ఒకప్పుడు సాధనలోనే ప్రత్యర్థి చేతిని కొట్టడం వాడుకగా ఉండేది. దెబ్బలకు తాళలేక కొత్తవారు విద్యను విడిచిపోయేవారు. రెమీ ప్రెసాస్ అనే గురువు, సాధనలో చేతికి బదులు బెత్తాన్నే బెత్తంతో కొట్టే పద్ధతిని ప్రచారంలోనికి తెచ్చి, ఆ విద్య మరల బడులలోనికి రావడానికి తోడ్పడినాడు. గాయం లేకుండ నేర్పితేనే విద్య నిలుస్తుందన్న ఈ సూక్ష్మాన్ని మన వ్యాయామ ఉపాధ్యాయులు కూడ గ్రహించదగును. కళాశాల పాలకవర్గం వారు వ్యాయామ విద్యలో భాగంగా బాలురకు, బాలికలకు కర్రసామును తగిన రక్షణ కవచాలతో, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో నేర్పే ఏర్పాటు చేసినచో అది ఎంతయు సమంజసంగా ఉంటుంది. సాయంత్రపు తరగతులు ముగించుకొని ఉప్పల్, నాచారం దారులలో ఒంటరిగా ఇల్లు చేరే ఆడపిల్లలకు నేర్చిన చేయి, నిబ్బరమైన మనస్సు ఎంత అవసరమో వేరుగ చెప్పనక్కరలేదు.

కాని సాధనకు ముందు ప్రతిదినం ఒక్క క్షణం పాలకుర్తి పొలాన్ని తలచుకొండి. అక్కడ పంటను కాపాడినది కర్ర మాత్రమే అయితే, అంతకంటె పెద్ద కర్రలు గడీలో ఉన్నవి. కాపాడినది న్యాయమైన హక్కు, పక్కన నిలిచిన మనుషులు, ఎక్కడ ఆగాలో తెలిసిన వివేకం. ఈ మూడును ఉన్న చోట గుత్ప చాలును. ఈ మూడును లేని చోట ఖడ్గమైనను చాలదు. ఐలమ్మ జీవితం మనకు నేర్పే సాము ఇదియే.